మక్కు పెట్టని కీళ్ళు

ఇబ్రహీంపట్నం రింగ్ దగ్గర షేర్ ఆటో ఎక్కండి. థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు వెనకబడి, కొండ ముందుకొచ్చిందంటే కొండపల్లి వచ్చేసినట్టే. బొమ్మల కాలనీలో దిగాక ఎవర్నీ దారి అడగక్కర్లేదు. వీధికి అటూ ఇటూ అద్దాల బీరువాల్లో ఏనుగు అంబారీలు, ఎడ్లబండ్లు, దశావతారాలు, తాటిచెట్టుకు అతుక్కుపోయిన గీత కార్మికుడు. అమ్మకం ముందుగదిలో, పని వెనక వరండాలో. ఉలి చప్పుడు వినపడే వైపు నడవండి.

గోనెపట్టా మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. అరవై దాటి ఉంటాయి. ఒక మోకాలు నేలకానింది, రెండోది గడ్డం దాకా లేచింది. పొద్దున్నుంచీ అలాగే ఉన్నట్టున్నారు.

"రండి, కూర్చోండి. కుర్చీ వేయించమంటారా?"

"వద్దండీ, కిందే కూర్చుంటాను."

అనడం తేలికే. ఆఫీసు కుర్చీకి అలవాటు పడ్డ మీ మోకాళ్ళు సగం వంగి అక్కడ ఆగాయి. చెయ్యి నేలకానించాకే మిగతా సగం వంగాయి. ఎలాగో బాసింపట్టు కుదిరింది. ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

ఆయన చేతిలో ఉన్నది తెల్లపొణికి. అడిగి తీసుకుని చూడండి. బరువే ఉండదు, గోరు నొక్కితే గుర్తు పడుతుంది. ఈ చుట్టుపక్కల కొండల్లో పెరిగే చెట్టే, కానీ ఇప్పుడు దొరకడం గగనమైపోయిందని ఇక్కడ ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. పచ్చి కర్రని సన్నని సెగ మీద తడి పోయేదాకా ఆరబెట్టి, అప్పుడు ఉలి పెడతారు. బొమ్మ మొత్తాన్ని ఒకే ముక్కలోంచి తీయరు. తల వేరు, మొండెం వేరు, చేతులు వేరు. ప్రస్తుతం ఆయన తీస్తున్నది ఒక చెయ్యి. కుండ ఎత్తుకోబోయే ఆడమనిషి కుడి చెయ్యి, మీ చూపుడువేలంత.

కాసేపు బొమ్మ చేతిని వదిలేసి, దాన్ని చెక్కుతున్న చేతిని చూడండి. ఉలి అంచు కర్ర మీద పడి, పొర లేచే క్షణంలో మణికట్టు చిన్నగా తిరుగుతుంది. తిరిగేది మణికట్టేనని అనుకుంటాం. మీ కుడి మోచేతిని నడుముకి ఆనించి, అరచెయ్యి పైకి పెట్టండి. ఎడమచేతి వేళ్ళతో ముంజేతిని పట్టుకుని, ఇప్పుడు అరచేతిని బోర్లించండి. తిరుగుతున్నది ముంజెయ్యంతా. చిటికెనవేలి వైపున్న ఎముక అరత్ని దాదాపు ఉన్నచోటే ఉంటుంది. బొటనవేలి వైపున్న రత్ని దాని మీదుగా అడ్డంగా వచ్చి పడుతుంది. స్కూల్లో 'బొంగరపు కీలు' అని చదివి మర్చిపోయింది ఇదే. మోచేతి దగ్గర రత్ని గుండ్రని తల, చుట్టూ ఉన్న ఒక పట్టీలో ఇరుక్కుని గిర్రున తిరుగుతుంది. తాళం తిప్పినా, బల్బు బిగించినా, అన్నం కలిపినా పని దీనిదే. పసిపిల్లల్లో ఆ పట్టీ ఇంకా వదులుగా ఉంటుంది. అందుకే ఒక చెయ్యి పట్టుకుని పిల్లాణ్ణి విసురుగా పైకి లాగితే రత్ని తల పట్టీలోంచి జారుతుంది. పిల్లాడు చెయ్యి కదపకుండా ఏడుస్తాడు. తెలిసిన డాక్టరు ఒక్క మెలికతో దాన్ని మళ్ళీ కూర్చోబెడతాడు. ఇంటికొచ్చిన మావయ్యలందరూ చేతులు పట్టుకుని గిరగిరా తిప్పే ఆట అంత మంచిది కాదని ఇందుమూలంగా మనవి.

మోచేతిలోనే ఇంకో కీలుంది, తలుపు మాదిరిగా ఒకే దిక్కున తెరుచుకుని మూసుకునే మడతబందు. ఒకే చోట ఒకటి మడిచేది, ఒకటి తిప్పేది. రెండింటినీ ఒకే సంచీలో పెట్టి కట్టేసినట్టుంటుంది.

ఆయన ఉలి పక్కన పెట్టి ఆకురాయి అందుకున్నారు. వేళ్ళు బిగిశాయి. ఉబ్బింది మాత్రం వేళ్ళు కాదు, మోచేతికి కాస్త కింద ఉన్న కండ. చూశారా? వేళ్ళలో కండరాలు ఉండవు. వాటిని గట్టిగా మడిచేవి ముంజేతిలో ఉంటాయి. అక్కణ్ణుంచి నరాల్లాగా కనిపించే తాళ్ళు వేళ్ళ చివరి దాకా వెళతాయి. నరాలు కావవి, టెండన్లు. తొమ్మిది టెండన్లు, ఒక అసలు నరం కలిసి మణికట్టు లోపల ఒకే ఇరుకు సందులోంచి దూరతాయి. పనివాళ్ళకీ, ఇప్పుడు కీబోర్డు వాళ్ళకీ రాత్రిపూట బొటనవేలూ పక్క రెండు వేళ్ళూ తిమ్మిరెక్కుతున్నాయంటే ఆ సందులో నరం నలుగుతోందన్నమాట.

చేతిలో అన్నిటికన్నా గొప్ప కీలు ఏదంటే బొటనవేలి మొదలే అంటాను నేను. అది గుర్రం జీను ఆకారంలో ఉంటుంది. రెండు ఎముకల కొనలూ జీనులే, ఒకటి అడ్డం తిరిగి రెండోదాని మీద కూర్చుంటుంది. ముందుకీ వెనక్కీ, పక్కకీ వంగుతుంది, కొంచెం తిరుగుతుంది కూడా. బొటనవేలు వెళ్ళి చిటికెనవేలిని ముట్టుకోగలుగుతోందంటే దీనివల్లే. దానికి కట్టే పన్ను కూడా ఎక్కువే. బొటనవేలి కొనతో ఒక కిలో బలంతో దేన్నయినా నొక్కితే, మొదట్లో ఉన్న కీలు మీద పడే బలం దాదాపు 12 కిలోలు. ఆయన ఆకురాయి మీద బొటనవేలు నొక్కి పట్టిన తీరు చూస్తూ ఆ లెక్క వేసుకోండి.

"ఎన్నేళ్ళ నుంచండీ?"

"పదో ఏట కూర్చోబెట్టారు మా నాన్నగారు. బడి ఎగ్గొట్టిన రోజు."

చెయ్యి తయారైంది. ఇప్పుడు దాన్ని మొండేనికి పెట్టాలి. ఆయన మీ వైపు తిరిగారు.

"చెయ్యి ఎక్కడ మొదలవుతుందో చెప్పండి చూద్దాం."

మీరు మీ భుజం చూపించారు. ఆయన తల అడ్డంగా ఊపారు.

"ఓసారి చెయ్యి పైకెత్తండి. నెత్తి మీద కుండ పట్టుకున్నట్టు. రెండో చెయ్యి వీపు మీద పెట్టి చూడండి."

ఎత్తండి. సగం దాకా చెయ్యొక్కటే లేచినట్టుంటుంది. ఆ తర్వాత మీ వేళ్ళ కింద వీపులో రెక్క ఎముక పక్కకి జరుగుతూ తిరగడం తెలుస్తుంది. నిజానికి అది మొదట్నుంచే మెల్లగా కదులుతోంది. పక్కన వేలాడే చెయ్యి నెత్తి మీదికి రావాలంటే సుమారు 180 డిగ్రీలు. అందులో దాదాపు 120 డిగ్రీలే భుజం బంతిగిన్నె కీలుది, మిగతా 60 రెక్క ఎముక తిరిగి ఇచ్చేది.

"చెయ్యెత్తిన బొమ్మకి భుజం కూడా ఎత్తాలండి. మొండెం చెక్కేటప్పుడే ఆ పక్క కాస్త లేపుతాం. లేకపోతే ఎవరి చెయ్యో తెచ్చి అతికించినట్టుంటుంది."

ఆ మాట డాక్టర్లకి వినిపించాలనిపిస్తుంది. భుజం పట్టేసి చెయ్యి లేవనివాళ్ళు చేసేది అచ్చంగా ఇదే. బంతిగిన్నె కదలదు, అందుకని రెక్క ఎముకతో మొత్తం భుజాన్ని చెవి దాకా ఎగేసి పని కానిస్తారు. పైనున్న అరలోంచి స్టీలు డబ్బా అందుకోవడంలోనే ఆ తేడా తెలిసిపోతుంది.

భుజంలో బంతి పెద్దది, గిన్నె చిన్నది, లోతూ తక్కువే. బంతిలో దాదాపు ముప్పాతిక భాగం ఎప్పుడూ గిన్నె బయటే ఉంటుంది. గిన్నె అంచు చుట్టూ మెత్తటి గట్టు ఒకటి, నాలుగు కండరాల టెండన్లు కలిసిన ఒక తొడుగు, ఇవే దాన్ని పట్టి ఉంచేవి. శరీరంలో ఇంతగా తిరిగే కీలు మరొకటి లేదు, ఇంత తేలిగ్గా జారిపోయేదీ లేదు. ఇంకొక సంగతి. మీ గొంతు గుంట పక్కన, మెడ ఎముక లోపలి కొన మీద వేలు పెట్టి భుజం ఎగరేయండి. వేలి కింద ఏదో కదిలింది కదా? చెయ్యంతా మొండేనికి ఎముకతో ఎముకగా కలిసేది ఆ ఒక్క చోటే. మిగతాదంతా కండలు మోస్తున్న బరువు. ఆయన ప్రశ్నకి శరీరశాస్త్రం చెప్పే జవాబు అదీ. చెయ్యి గొంతు దగ్గర మొదలవుతుంది.

మక్కు గిన్నె ముందుకొచ్చింది. చింతగింజల పిండితో చేసిన జిగురులో రంపపు పొట్టు కలిపితే మక్కు. ముట్టుకుంటే బంకగా, చింతగింజల వాసనతో ఉంటుంది. చిటికెడు తీసుకుని మొండెం మీద పెట్టారు. చెయ్యి దాని మీద ఆన్చి, ఒక్క క్షణం ఆగి, అరమిల్లీమీటరు వెనక్కి తిప్పారు. నొక్కారు. పక్కలకి పొంగిన మక్కుని బొటనవేలితో భుజం చుట్టూ పాముతూ సందు పూడ్చేశారు. ఇది ఆరాక ఆకురాయి, తర్వాత సుద్ద పూత, దాని మీద రంగు. మూడు పొరల కింద అతుకు ఎక్కడుందో చేసినవాడే వెతుక్కోవాలి. ఈ పనిని ముక్తఋషికి శివుడు నేర్పాడనీ, ఆయన వంశమే తమదనీ ఇక్కడి ఆర్యక్షత్రియులు చెప్పుకుంటారు. బొమ్మల కొలువులో మూడు తరాలు నిలబడే బొమ్మకి ఆ అతుకు కదలకూడదు. మనకు మాత్రం అతుకు ఆరిన రోజే కష్టాలు మొదలవుతాయి.

మాటవరసకి అన్నది కాదు. 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లాలో, తాగే నీటిలోని ఫ్లోరైడు ఎముకలకి ఏం చేస్తుందో షార్ట్ అనే డాక్టరు, తోటివారు బయటపెట్టారు. మన దేశంలో ఆ జబ్బుని వైద్యలోకం గుర్తించింది అప్పుడే. తర్వాత నల్గొండ పేరు దానికి అంటుకుంది. ఎముకని ఎముకకి కట్టి ఉంచే లిగమెంట్లు, టెండన్లు అతికే చోట్లు అందులో మెల్లగా సున్నం పట్టి గట్టిపడతాయి. మెడ తిప్పి పక్కకి చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. వెన్ను విల్లులా వంగి అలాగే ఆగిపోతుంది. సుద్ద పూసి ఆరబెట్టిన బొమ్మని చూసినప్పుడు ఆ ఫోటోలు గుర్తుకు రాకుండా ఉండవు.

వరండా ఆ చివర ఆయన భార్య రంగులు వేస్తున్నారు. మేక వెంట్రుకల కుంచె, దాని కొన ఒకే ఒక్క వెంట్రుకంత. కనుబొమ గీసేటప్పుడు మణికట్టు కదలదు, ఊపిరి కూడా బిగపట్టినట్టుంటుంది. ఆవిడ పక్కన తల ఊపే నాట్యకత్తె బొమ్మ ఒకటుంది, తంజావూరు తరహాది. దాని తల కమ్మీ మీద ఆడుతుంది. వేలితో తాకితే అవుననీ కాదనీ తెలియకుండా ఊగుతుంది. మనకి 'అవును'కి ఒక కీలు, 'కాదు'కి మరొకటి. పుర్రె, మొదటి వెన్నుపూస మధ్య కీలు తలని కిందికీ పైకీ ఊపుతుంది. మొదటి పూస, రెండో పూస మధ్యది అడ్డంగా తిప్పుతుంది. రెండో పూసలోంచి పైకి లేచిన మేకు లాంటి ఎముక చుట్టూ మొదటి పూస తిరుగుతుంది, మెడ తిరుగుడులో సుమారు సగం దానిదే. ఇక మన తెలుగువాళ్ళం పక్కలకి ఊపే ఆ ఊపు, సరేనో చూద్దామో ఎవరికీ తేలని ఊపు, దానికి మెడ మొత్తం పనిచేస్తుంది.

బడి నుంచి మనవడొచ్చాడు, సంచీ విసిరేశాడు. నానమ్మ కుంచె నీళ్ళలో పెట్టి, రెండు చేతులూ వాడి ముఖం చుట్టూ తిప్పి, వేళ్ళు తన కణతలకి ఆన్చి నొక్కారు. పటపటా మెటికలు విరిగాయి.

"చూశారా ఎంత దిష్టో. బజార్లో అందరి కళ్ళూ వీడి మీదే."

చప్పుడు దేనిదో తెలుసుకోవడానికి 2015లో కెనడాలో ఆల్బెర్టా యూనివర్సిటీవాళ్ళు ఒకాయన వేళ్ళని ఎమ్మారైలో లాగి చూశారు. కీలు ఒక్కసారిగా విడిపోతున్నప్పుడు లోపలి ద్రవంలో ఖాళీ ఏర్పడుతోంది, చప్పుడు సరిగ్గా అప్పుడే. అంతకుముందు 1971లో ఇంగ్లండువాళ్ళు, బుడగ అణిగిపోవడం వల్ల వచ్చే చప్పుడన్నారు. ఆ తగువు తీరలేదింకా. మెటికలు విరిస్తే కీళ్ళవాతం వస్తుందా అన్నదానికి మాత్రం అమెరికాలో డొనాల్డ్ అంగర్ అనే డాక్టరు అరవై ఏళ్ళకు పైగా ఎడమచేతి మెటికలు మాత్రమే విరిచి, రెండు చేతులూ పోల్చి చూశాడు. తేడా లేదు. 2009లో ఆయనకి ఇగ్ నోబెల్ ఇచ్చారు. నానమ్మని ఇక ఆపక్కర్లేదు.

ఆయన లేవబోయారు. ఒక చెయ్యి మోకాలి మీద, రెండోది గోడ మీద. "పట్టేసినట్టుంటాయండి. పది అడుగులేస్తే దారిలో పడతాయి."

ఆ పది అడుగుల్లోనే అసలు కథంతా ఉంది. ఎముక కొనల మీద ఉండే మృదులాస్థి నున్నటి తెల్లటి పూత, మోకాల్లో కొన్ని మిల్లీమీటర్ల మందం. దానికి రక్తనాళాలు లేవు. నొప్పి తెలిపే నరాలూ లేవు. మోకాల్లో ఉండే ద్రవం చెంచాడు కూడా ఉండదు, పూతకి తిండి అందులోంచే రావాలి. బరువు పడితే పూతలోంచి ద్రవం బయటికి వస్తుంది, బరువు తీస్తే లోపలికి పోతుంది. నడిస్తేనే దానికి భోజనం. గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చుంటే ద్రవం చిక్కబడుతుంది, కదలగానే పలచబడి మళ్ళీ జారుతుంది. అరుగుదల వల్ల వచ్చే పట్టు పొద్దున్నే అరగంటలోపు వదిలేస్తుంది. గంట దాటినా వదలకపోతే, వేళ్ళ కీళ్ళు వాచి వేడిగా ఉంటే, అది మరో జబ్బు. దానికి నూనె రాసి ఊరుకోకూడదు, డాక్టరుకి చూపించాలి. పూతకి నరాలు లేకపోవడమే మనకి దెబ్బ. అది అరుగుతున్నంత కాలం నోరెత్తదు. నొప్పి మొదలయ్యేది చుట్టుపక్కల పొరలూ కింది ఎముకా ఫిర్యాదు చేసినప్పుడే.

సెలవు తీసుకుని ఖిల్లా వైపు నడవండి. ఘాట్ రోడ్డుంది, వద్దు. ఊరి వైపు నుంచి రాతి మెట్ల దారిన ఎక్కుదాం.

మెట్టు మీద కుడి పాదం పెట్టి, అరచేతిని మోకాలి చిప్ప మీద ఆన్చండి. పైకి లేవండి. చిప్ప కింద గరగరమంటోందా? నొప్పి లేకపోతే దాన్ని పట్టించుకోవక్కర్లేదు. ఆ చిప్ప తొడ ముందు కండరం టెండన్‌లో పెరిగిన ఎముక. ఆ తాడుని కీలుకి దూరంగా, కాస్త పైకి ఎత్తి పట్టుకుంటుంది, అందువల్ల అదే బలంతో కాలు ఎక్కువ బరువుని లేపగలుగుతుంది. దాని వెనక తొడ ఎముక రెండు గుండ్రటి గుబ్బలు, కింద కాలి ఎముక పైభాగం దాదాపు చదును. గుండ్రటివి చదును మీద నిలవాలి, అందుకే మధ్యలో నెలవంకల్లాంటి రెండు మెనిస్కస్‌లు, లోపల ఒకదాన్నొకటి దాటుతూ పోయే రెండు లిగమెంట్లు. సమంగా నడిచేటప్పుడు మోకాలి మీద ఒంటి బరువుకి రెండున్నర రెట్ల దాకా పడుతుంది, మెట్లెక్కితే మూడు రెట్లు దాటుతుంది. డెబ్భై కిలోల మనిషి ఒక్కో మెట్టుకి రెండు వందల కిలోల పైమాట మోస్తున్నాడు. ఇక్కడి దాకా ఎక్కి ఆయాసపడుతున్నది ఊపిరితిత్తులైతే, పని చేసింది మాత్రం మోకాళ్ళు.

పైకి వచ్చేశారు. పద్నాలుగో శతాబ్దంలో రెడ్డి రాజులు కట్టిన కోట, గజపతుల దగ్గర్నుంచి కృష్ణదేవరాయలు గెలిచిన కోట, 1766లో ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయిన కోట. మిగతా చరిత్ర ఆయాసం తీరాక. కొంచెంసేపు నిలబడండి, మోకాళ్ళు నిటారుగా. హాయిగా ఉంటుంది, ఎందుకంటే కాలు పూర్తిగా చాచిన చివరి కొన్ని డిగ్రీల్లో తొడ ఎముక కాస్త లోపలికి తిరిగి, కీలు బిగుసుకుంటుంది. తొడ కండరాలకి విశ్రాంతి. కదలాలంటే ముందు ఆ బిగింపు విప్పాలి, దానికి మోకాలి వెనక ప్రత్యేకంగా ఒక చిన్న కండరం ఉంది. దిగడానికి కాలు వంచారు చూడండి, అది తన పని చేసేసింది.

దిగడం ఎక్కడం కన్నా తేలికనుకుంటాం. మోకాలి కీలు మీద భారం దిగేటప్పుడే ఇంకొంచెం ఎక్కువ. తొడ ముందు కండరం సాగుతూనే బరువుని ఆపాలి, మెట్టు మెట్టుకీ బ్రేకు వేయాలి. సగం దారిలో తొడలు వణకడం మొదలుపెట్టాయి. గోడ అంచు పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టూ దిగండి. సిగ్గేం లేదు.

కింద ఆటో ఆయన నవ్వుతున్నాడు.

"మోకాళ్ళు పట్టేశాయాండీ?"

"లేదు, బాగానే ఉన్నాయి."

"రేపు తెలుస్తదిలెండి. తొడలు. ఎల్లుండి ఇంకాస్త."

ఆయన చెప్పింది నిజమే, సాగుతూ పనిచేసిన కండరం నొప్పి ఒకటి రెండు రోజులకే ముదురుతుంది. ఎక్కండి. ఆటోలోకి పాదం ఎత్తి పెట్టడానికి మాత్రం చేతులతో పట్టుకోవలసి వస్తోంది.